ఇరవై ఒకటో ఏడు

*కుటుంబాలను కలపడమే తన పునాది అని చెప్పుకునే అమెరికా వలస చట్టం, మనిషిని వెనక్కి పంపేటప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ల వంక చూడదు. అక్కడి తెలుగు ఇంటికీ, మెక్సికన్ ఇంటికీ గండం ఒక్కచోటే ఉంది.*

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఉండే తెలుగు ఇంట్లో పిల్లకు ఇరవయ్యో ఏడు నడుస్తోందంటే, ఆ ఇంట్లో పెళ్లి మాట కన్నా లాయరు మాటే ఎక్కువగా వినిపిస్తుంది. రెండేళ్ల వయసులో అమ్మ చంకన వచ్చిన పిల్ల. చదువు, స్నేహాలు, మాట తీరు అన్నీ అక్కడివే. నాన్నది హెచ్-1బి ఉద్యోగ వీసా, పిల్లది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. గ్రీన్ కార్డు దరఖాస్తు ఎప్పుడో వేశారు, ఇంకా వంతు రాలేదు. 21 నిండిన రోజున ఆ పిల్ల హెచ్-4 చెల్లదు. 'ఏజ్ అవుట్' అంటారు మనవాళ్లు. విదేశీ విద్యార్థిగా ఎఫ్-1కి మారాలి, లేదా దేశం విడిచి రావాలి. ఎఫ్-1 కావాలంటే చదువయ్యాక సొంత దేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని చూపాలి. ఊహ తెలిశాక చూడని దేశాన్ని తన ఇల్లని చెప్పాలన్నమాట.

నాలుగు వీధుల అవతల ఇంకో ఇల్లు ఉంటుంది. తల్లి మెక్సికో నుంచి సరిహద్దు దాటి వచ్చింది, కాగితాలు లేవు. కొడుకు అక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. వాళ్లూ 21 కోసమే రోజులు లెక్కపెడుతున్నారు. అయితే ఆ లెక్కలో ఉన్నది ఆశ. పౌరుడైన కొడుకుకు 21 నిండితే తల్లి గ్రీన్ కార్డు కోసం దరఖాస్తు పెట్టవచ్చు. ఆ ఆశ ఎంతమందికి ఎందుకు అడియాస అవుతుందో ముందుకు వెళ్లాక చెబుతాను.

ఈ రెండిళ్లవీ వేర్వేరు కథలని మనం అనుకుంటాం. మనవాళ్లు పద్ధతిగా వీసా మీద వెళ్లారు, వాళ్లు దొంగదారిన వచ్చారు, వాళ్లతో మనకేం పోలిక అనే మాట అమెరికా తెలుగు ఇళ్లలో నోరు విప్పి అనేవారున్నారు, మనసులో అనుకునేవారున్నారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ కథనం. రెండిళ్లనూ విడదీస్తున్నది ఒకే చట్టం, అందులోని ఒకే లోపం.

1965లో ఇచ్చిన మాట

ఒకప్పుడు అమెరికా మనల్ని రానివ్వలేదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు శ్వేతజాతివారు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. అప్పటికే ఇచ్చిన పౌరసత్వాలను కూడా వెనక్కి తీసుకున్నారు. 1946లో కాస్త కనికరించి ఏటా 100 మంది భారతీయులకు చోటిచ్చారు.

అసలు మార్పు 1965 అక్టోబరు 3న వచ్చింది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర కూర్చుని హార్ట్-సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి ఒక్కో దేశానికి ఒక్కో కోటా పెట్టే పద్ధతి పోయింది. దాని స్థానంలో కుటుంబబంధానికి పెద్ద పీట వేశారు. ఆ ఏర్పాటు కోసం పట్టుబట్టిన, అక్కడి చట్టసభ కాంగ్రెస్ సభ్యుడు మైకేల్ ఫీగన్ లెక్క వేరే. అప్పటికే అమెరికాలో ఉన్నవారిలో ఎక్కువమంది యూరప్ మూలాలవారు కాబట్టి, వచ్చే బంధువులూ యూరప్ వాళ్లే అవుతారని నమ్మారు. జరిగింది అందుకు పూర్తిగా భిన్నం. మన ఊళ్ల నుంచి వెళ్లిన డాక్టర్లు, ఇంజినీర్లు పౌరులై భార్యలను, తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకున్నారు. ఈనాటి అమెరికా తెలుగు సమాజానికి తొలి పునాదులు అవే.

ఆ చట్టం ప్రకారం పౌరుల భార్య లేదా భర్త, 21 లోపు పెళ్లికాని పిల్లలు, 21 నిండిన పౌరుల తల్లిదండ్రులు - వీరికి సంఖ్యా పరిమితే లేదు. ఎంత మందైనా రావచ్చు. రానివ్వడంలో ఇంత ఉదారంగా ఉన్న చట్టం, పంపించేయడం దగ్గరికి వచ్చేసరికి మనిషిని ఒంటరిగా నిలబెట్టి చూస్తుంది.

వరసలో నిలబడ్డవారు

ముందు మనవాళ్ల సంగతి. ఉద్యోగం ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు లక్షా 40 వేలు. భార్య, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించకూడదు. నాలుగు లక్షల జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కూ అదే పరిమితి, 140 కోట్ల భారత్‌కూ అదే. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈబీ-2 విభాగంలో ఈ లెక్కన భారతీయులకు ఖాయంగా దక్కేవి ఏటా 2,800 చిల్లర. ఇతరులు వాడుకోకుండా మిగిలితే ఇంకొన్ని. 2025లో కూడా ఆ వరసలో వంతు వచ్చింది 2013లోనో, అంతకు ముందో దరఖాస్తు చేసినవారికే.

ఏ తేదీ దరఖాస్తు దాకా వంతు వచ్చిందో చెబుతూ ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్‌ను మన ఇళ్లలో పంచాంగం చూసినట్టు చూస్తారు. తేదీ ముందుకు జరిగిందా, వెనక్కి పోయిందా? ఒక నెల జరిగితే సంబరం. ఈ లోపు పిల్ల ఎదుగుతూనే ఉంటుంది. కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన అంచనా ప్రకారం వరసలో ఉండగానే ఏజ్ అవుట్ అయ్యే భారతీయ పిల్లలు లక్షా 34 వేల మంది.

ఈ అన్యాయం కాంగ్రెస్‌కు తెలియనిది కాదు. 2002లో చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. అందులో ఊరట కొంతే. కంపెనీ వేసిన పిటిషన్ ప్రభుత్వ కార్యాలయంలో పరిశీలనలో ఉన్న రోజులను పిల్ల వయసులోంచి తీసేస్తారు. అది కొన్ని నెలలు. అసలు నిరీక్షణ అంతా ఆ తర్వాత వరసలో గడుస్తుంది. ఆ పదేళ్లనూ పదిహేనేళ్లనూ తీసేయరు. వీసా బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి. పిల్లలకు మేలు చేసే పట్టికను బట్టి వయసు లెక్కిస్తామని 2023 ఫిబ్రవరిలో అధికారులు అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ పాత పద్ధతికి మళ్లారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, వేలాది మంది పిల్లల భవిష్యత్తు మాత్రం మారింది.

దీప్ పటేల్ అనే యువకుడు మొదలుపెట్టిన 'ఇంప్రూవ్ ద డ్రీమ్' సంస్థ ఈ పిల్లలను ఒక్కచోట చేర్చింది. ఇలాంటివారు రెండున్నర లక్షల మంది అంటుంది. చిన్నతనంలో కాగితాల్లేకుండా వచ్చినవారికి ఒబామా 2012లో డాకా పేరుతో రక్షణ ఇచ్చారు. అందులో చేరాలంటే 2012 జూన్ 15 నాటికి చెల్లుబాటయ్యే హోదా ఉండకూడదు. తల్లిదండ్రులు ప్రతి కాగితమూ సక్రమంగా ఉంచుకున్నందువల్లే ఈ పిల్లలకు ఆ గొడుగు దక్కలేదు. వీరి కోసం 2021లో సెనేటర్లు అలెక్స్ పడీయా, ర్యాండ్ పాల్ ఒక బిల్లు తెచ్చారు. ఒకరు డెమొక్రాట్, ఇంకొకరు రిపబ్లికన్. 2023లో మళ్లీ తెచ్చారు. చట్టం కాలేదు.

వీసా కుటుంబం మొత్తం ఒక్క మనిషి ఉద్యోగానికి వేలాడుతుంది. లేఆఫ్ అయితే 60 రోజులు. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకకపోతే, లేదా వేరే వీసాకు మారకపోతే ఇంటిల్లిపాదీ సర్దుకోవాలి. ఉద్యోగం చేసే మనిషే పోతే? 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథీలో శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు 'నా దేశం నుంచి పొండి' అని అరిచి కాల్చి చంపాడు. అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన భార్య సునయన దుమాలకు తెలిసిన సంగతి ఏమిటంటే, భర్తతో పాటు అమెరికాలో ఉండే హక్కు కూడా పోయిందని. తన ఇల్లు, ఉద్యోగం, భర్తతో గడిపిన ఊరు అక్కడే ఉన్నాయి. ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ చొరవ తీసుకుంటే తాత్కాలిక అనుమతి దొరికింది. దేశమంతా చూసిన విషాదం కాబట్టి ఒక నాయకుడు కదిలాడు. గుండెపోటుతోనో, రోడ్డు ప్రమాదంలోనో భర్తను పోగొట్టుకున్న ఆడపిల్ల కోసం ఎవరు కదులుతారు?

సరిహద్దు దాటి వచ్చినవారు

ఇప్పుడు ఆ రెండో ఇంటికి వద్దాం. అమెరికాలో పుట్టి, కాగితాల్లేని తల్లి లేదా తండ్రితో ఉంటున్న పిల్లలు 40 లక్షలకు పైగా ఉన్నారని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క. కాగితాల్లేనివారిలో భారతీయులూ లక్షల్లో ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది మనవాళ్లను సంకెళ్లు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడు మనం ఉలిక్కిపడ్డాం. ఇది కొత్త కాదని, 2009 నుంచి 15 వేలకు పైగా భారతీయులను వెనక్కి పంపారని మర్నాడు విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో చెప్పారు.

పౌరుణ్ని పెళ్లి చేసుకుంటే అన్నీ చక్కబడతాయని లోకంలో ఒక నమ్మకం ఉంది. 1996 సెప్టెంబరు 30న క్లింటన్ సంతకం చేసిన చట్టం సరిహద్దు దాటి వచ్చినవారిలో చాలామందికి ఆ దారిని మూసేసింది. అనుమతి లేకుండా ఏడాది దాటి ఉన్న మనిషి దేశం విడిచి వెళ్తే పదేళ్ల దాకా తిరిగి రాకూడదు. ఆరు నెలలు దాటితే మూడేళ్లు. సరిహద్దు దాటి వచ్చినవారికి గ్రీన్ కార్డు కావాలంటే సాధారణంగా సొంత దేశంలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లాలి. వెళ్లడానికి గడప దాటగానే పదేళ్ల నిషేధం మొదలవుతుంది. కాగితాలు సరిచేసుకోవడానికి బయల్దేరడమే శిక్ష అవుతోంది.

ఆ నిషేధాన్ని మాఫీ చేయమని అడగవచ్చు. నువ్వు లేకపోతే పౌరులైన లేదా గ్రీన్ కార్డున్న నీ భార్యకో, భర్తకో, తల్లిదండ్రులకో తీరని కష్టం కలుగుతుందని రుజువు చెయ్యాలి. ఆ జాబితాలో పిల్లలు లేరు. ఇరవై ఒకటి నిండిన కొడుకు తల్లి కోసం దరఖాస్తు పెట్టగలడు. తల్లి లేకపోతే తనకు కష్టమని మాత్రం చెప్పుకోలేడు. ఆమెకు పౌరులైన లేదా గ్రీన్ కార్డున్న భర్తో, తల్లిదండ్రులో లేకపోతే పదేళ్లు ఆగాల్సిందే. అందుకే ఆ ఇంటి ఆశ అడియాస అంటున్నాను.

ఇంకో ద్వారం ఇమిగ్రేషన్ కోర్టు. పదేళ్లు ఆ దేశంలో ఉండి, మంచి నడవడి ఉండి, వెళ్లగొడితే పౌరులైన లేదా గ్రీన్ కార్డున్న భార్యాబిడ్డలకో తల్లిదండ్రులకో అసాధారణమైన, ఎక్కడా కానరానంత తీవ్రమైన ఇక్కట్లు కలుగుతాయని చూపితే జడ్జి బహిష్కరణను రద్దు చేయవచ్చు. ఏడాదికి 4,000 మందికే. 1996కు ముందు ఏడేళ్ల నివాసం, తీవ్రమైన కష్టం చూపితే చాలు, ఆ కష్టం ఆ మనిషిదైనా సరే లెక్కలోకి వచ్చేది. 2001లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ముందుకు ఒక మెక్సికన్ తండ్రి కేసు వచ్చింది. పద్నాలుగో ఏట వచ్చి ఇరవై ఏళ్లు అక్కడే బతికాడు. పిల్లలు అక్కడే పుట్టారు. బోర్డు ఏమందంటే, దగ్గరి మనిషిని పంపేస్తే మామూలుగా ఎవరికైనా కలిగే కష్టం చాలదు, అంతకు ఎంతో మించినది ఉండాలి. అర్జీ కొట్టేశారు. నాన్న లేక బిడ్డ ఏడవడం, సంపాదన పోయి ఇల్లు ఖాళీ చేయడం, చదువు చెదరడం మామూలు కష్టాలు. అందుకే అవి లెక్కలోకి రావు. ఏ కష్టం అందరికీ కలుగుతుందో దాన్నే చట్టం తీసి పక్కన పెట్టింది. మరుసటి ఏడాది ఇదే బోర్డు ఆరుగురు పిల్లలను ఒంటరిగా పెంచుతున్న ఒక తల్లికి అనుమతి ఇచ్చింది. ఎంత ఒరిగిపోతే చెయ్యి అందిస్తారో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడా ఆ వయసే అడ్డం వస్తుంది. తీర్పు నాటికి బిడ్డకు 21 నిండితే ఆ బిడ్డ కష్టం ఇక లెక్కలోకి రాదు. ఇమిగ్రేషన్ కోర్టుల్లో పెండింగ్ కేసులు 30 లక్షలు దాటాయి. విచారణ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఆలస్యం చేసేది కోర్టు, ఆ ఆలస్యంలో వయసు మీరిపోయేది బిడ్డ. మన పిల్ల వరసలో ఉండగా ఏజ్ అవుట్ అయినట్టే, ఆ పిల్లవాడు కోర్టు వాయిదాల్లో ఏజ్ అవుట్ అవుతాడు.

పైగా ఆ కోర్టులో ప్రభుత్వం లాయరును పెట్టదు. బహిష్కరణ శిక్ష కాదని 1893లోనే సుప్రీంకోర్టు చైనీయుల కేసులో చెప్పింది. శిక్ష కాదు కాబట్టి నేరస్తుడికి దొరికే రక్షణలు వీరికి దొరకవు. డబ్బుంటే లాయరు, లేకపోతే ఒంటరి పోరు. ఒంటరిగా వచ్చిన చిన్నపిల్లలకూ అదే నియమం.

మిజోరీలో ఒక తల్లి

2007లో మిజోరీ రాష్ట్రంలో ఒక కోళ్ల ఫ్యాక్టరీపై దాడి చేసి పనివాళ్లను పట్టుకున్నారు. వారిలో గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. ఆమె బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. దొంగ గుర్తింపు నంబరుతో పని చేసిందన్న నేరం ఒప్పుకుని రెండేళ్ల జైలు శిక్ష అనుభవించింది. బయట బంధువుల దగ్గర ఉన్న బిడ్డ చేతులు మారి ఒక దంపతుల ఇంటికి చేరాడు. వాళ్లు దత్తత కోసం కోర్టుకెళ్లారు. ఆ కాగితాలు జైల్లో ఉన్న తల్లికి ఇంగ్లిషులో వచ్చాయి. ఆ భాష తెలిసినవారి సాయంతో, నా బిడ్డను ఎవరికీ ఇవ్వవద్దని కోర్టుకు రాసింది. 2008లో కోర్టు ఆమె తల్లి హక్కును రద్దు చేసి దత్తత ఖాయం చేసింది.

మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వేరే కేసులో ఏకగ్రీవంగా చెప్పింది: ఆ నంబరు నిజంగా ఇంకొక మనిషిదని తెలిసి వాడితేనే ఆ నేరం వర్తిస్తుందని. ఆమెను జైల్లో పెట్టిన పద్ధతి పునాదే కదిలిపోయింది. 2011లో మిజోరీ సుప్రీంకోర్టు దత్తత విషయంలో చట్టం పాటించలేదని తప్పుపట్టి మళ్లీ విచారించమంది. 2012లో కింది కోర్టు మళ్లీ బిడ్డను దంపతులకే ఇచ్చింది. అప్పటికి ఆ బాబుకు అమ్మ అంటే పెంచిన తల్లే. ఆ దంపతులు దుర్మార్గులని నేననను. బిడ్డను ప్రేమగానే చూసుకుని ఉంటారు. తల్లికి అన్యాయం జరిగింది. తర్వాత దాన్ని సరిదిద్దబోయినా బిడ్డకు ఇంకో అన్యాయం చేయక తప్పని స్థితి తెచ్చారు. 2011లో ఒక అధ్యయన సంస్థ, తల్లిదండ్రులను నిర్బంధించడం వల్లో, పంపేయడం వల్లో ప్రభుత్వ సంరక్షణలో మిగిలిపోయిన పిల్లలు కనీసం 5,100 మంది అని లెక్కగట్టింది.

2018లో సరిహద్దులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ హయాంలో, సరిహద్దు దాటిన ప్రతి పెద్దవారినీ ప్రాసిక్యూట్ చేసే పేరుతో పిల్లలను వేరు చేశారు. అంతా కలిపి 5,500 మందికి పైగా పిల్లలు. ఏ బిడ్డ ఎవరి బిడ్డో తెలిపే రికార్డులు కూడా సరిగా పెట్టలేదు. జూన్ 26న శాన్ డియాగో జడ్జి డేనా సబ్రా వాళ్లను కలపమని ఆదేశిస్తూ, నిర్బంధించినవారి వస్తువులకు లెక్క ఉంచే ప్రభుత్వం పిల్లలకు ఆ పాటి లెక్క ఉంచలేదని ఎత్తిచూపారు. ఆ విధానాన్ని అన్ని పార్టీలవారూ తప్పుపట్టారు. రోజూ ఇమిగ్రేషన్ కోర్టుల్లో తీర్పు కాగితంతో జరిగే విడదీత మాత్రం ఎవరి కంటా పడదు.

బడి, గుడి, ఆసుపత్రి దగ్గర అరెస్టులు చేయకూడదన్న పాత నియమాన్ని 2025 జనవరిలో ఎత్తేశారు. అప్పటి నుంచి ఆ ఇళ్లలో తల్లులు కొన్ని కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. నన్ను పట్టుకుపోతే బడి నుంచి పిల్లవాణ్ని ఎవరు తీసుకురావాలి, ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, పాస్‌పోర్టు ఎక్కడుంది అని రాసి పెట్టే కాగితాలు. చర్చిల్లో, కమ్యూనిటీ సెంటర్లలో వాటిని నింపడం నేర్పుతున్నారు.

చట్టం ఉండాలి కదా?

ఉండాలి. ఎవరు రావాలో, ఎవరు రాకూడదో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. ఏళ్ల తరబడి వరసలో నిలబడినవారికి, దాటుకుని వచ్చినవారిని చూస్తే మండుతుంది. ఆ మంటలో న్యాయం ఉంది. కానీ మెక్సికో పల్లె నుంచి వచ్చే కూలీకి నిలబడడానికి వరసంటూ ఎక్కడ ఉంది? పెద్ద చదువు లేని పనివారికి ఉద్యోగ గ్రీన్ కార్డులు ఏటా 10,000 కన్నా తక్కువ. వారిలో తప్పు చేసినవారికి జరిమానా వేయండి, పన్నులు కట్టించుకోండి, నేరచరిత్ర ఉంటే పంపేయండి. పదిహేనేళ్లు పని చేసి బతికిన మనిషికి, అతని బిడ్డకు కూడా కలిపి శిక్ష వేయడం తప్పుకు తగిన శిక్ష కాదని నా నమ్మకం.

ఇది ఒక్క అమెరికా రోగమే కాదు. గల్ఫ్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంత ఉండాలని షరతు. యూఏఈలో అది 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు వసతి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లిన కూలీ జీతం దానికి ఆమడ దూరం. అతని భార్యాపిల్లలకు ఆ దేశం తలుపే తెరవదు. రెండేళ్లకోసారి సెలవులో వచ్చే నాన్నను పిల్లలు కొత్త మనిషిలా చూసే ఇళ్లు తెలంగాణలో కొల్లలు.

మరోలా చేసిన దేశాలు ఉన్నాయి. కెనడాలో జమైకా నుంచి వచ్చి ఇంటిపనులు చేసుకుంటూ బతికిన మేవిస్ బేకర్‌ను పంపేయబోతే, అక్కడ పుట్టిన తన నలుగురు పిల్లల కోసం ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో కోర్టు, అధికారులు ఇలాంటి నిర్ణయాల్లో పిల్లల మేలును శ్రద్ధగా పట్టించుకుని తీరాలని చెప్పింది. కెనడా వలస దరఖాస్తులో పిల్లల వయసును దరఖాస్తు పెట్టిన రోజుకే ఖాయం చేస్తారు. ఆ తర్వాత ప్రభుత్వం ఎన్నేళ్లు ఆలస్యం చేసినా బిడ్డ బిడ్డగానే ఉంటుంది.

అమెరికా కూడా ఒకప్పుడు చేసింది. 1986లో రీగన్ సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇచ్చినప్పుడు, ఆలస్యంగా వచ్చిన వారి భార్యాబిడ్డలు బయట మిగిలారు. 1987లో రీగన్ అధికారులు, 1990లో పెద్ద బుష్ అధికారులు వారిని పంపేయకుండా ఆపారు. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు 'ఫ్యామిలీ ఫెయిర్‌నెస్'. ఆ ఏడాదే కాంగ్రెస్ దాన్ని చట్టంలో చేర్చింది. ఇద్దరూ రిపబ్లికన్ అధ్యక్షులే. 2024లో బైడెన్ 'కీపింగ్ ఫ్యామిలీస్ టుగెదర్' పేరుతో, పౌరులను పెళ్లాడి పదేళ్లుగా ఉన్న సుమారు 5 లక్షల మందికి కాన్సులేట్‌కు వెళ్లకుండానే కాగితాలు సరిచేసుకునే వీలు కల్పించారు. ఆగస్టు 19న దరఖాస్తులు మొదలయ్యాయి. నవంబరు 7న టెక్సాస్‌లో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేశారు. అదే ఏడాది జూన్‌లో, విదేశీ భర్తను తన దేశానికి రప్పించుకోవడం పౌరురాలికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. అధ్యక్షుల ఉత్తర్వులు నిలవవు, కోర్టులు ఆదుకోవు. చేయవలసింది కాంగ్రెసే.

తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదన్న 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఉత్తర్వు వచ్చినప్పుడు మన ఇళ్లలో గర్భిణులకు నిద్ర పట్టలేదు. హెచ్-1బి అయినా, కాగితాల్లేకపోయినా ఆ ఉత్తర్వు ఒకే వాక్యంలో కలిపి రాసింది. కింది కోర్టులు ఆపితే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనం వేరు, వాళ్లు వేరు అనుకున్న గీత ఆ కాగితం మీద లేదు.

అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభలకు అమెరికా కాంగ్రెస్ సభ్యులు వస్తారు. శాలువా కప్పించుకుంటారు, రెండు మంచి మాటలు చెబుతారు. అక్కడ మనవాళ్లు అడిగేది దాదాపు ఎప్పుడూ దేశాల కోటా గురించే. అది అడగాల్సిందే. దాంతో పాటు పిల్లల వయసును దరఖాస్తు నాటికి ఖాయం చేయమని అడగాలి. పదేళ్ల నిషేధం మాఫీ చేసేటప్పుడు బిడ్డ కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని, కోర్టులో కేసు నలుగుతుండగా 21 నిండినా ఆ లెక్క చెరపొద్దని అడగాలి. ఈ చివరి కోరికలు మన పిల్లల్లో చాలామందికి ఎప్పటికీ అక్కర రావు. వాటినీ అదే గొంతుతో అడగాలి.